దుబాయ్ ఎండ గురించి కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ ఆదివారం పుస్తకంలో దుబాయ్ టూర్ల మీద వచ్చే వ్యాసాలు చాలా ఏళ్లుగా చదువుతున్నా. బుర్జ్ ఖలీఫా, డెజర్ట్ సఫారీ, గోల్డ్ సూక్, ఎక్కడ ఏం తినాలి, ఎంత ఖర్చవుతుంది, అన్నీ బాగానే రాస్తారు. అదే పేపర్లో జిల్లా పేజీల్లో ఓ మూల ఇంకో రకం దుబాయ్ వార్త వస్తుంటుంది, గల్ఫ్‌లో గుండెపోటుతో ఫలానా ఊరి యువకుడు మృతి అని, రెండు మూడు లైన్లు, పక్కన పాస్‌పోర్ట్ సైజు ఫోటో. ఈ రెండు రకాల వార్తల మధ్యలో ఒక పెద్ద సంగతి ఎవరికీ పట్టకుండా పోతోంది, అదే అక్కడి ఎండ. పోయిన జూలైలో నేనూ మా ఆవిడా మా బిడ్డ దగ్గరికి దుబాయ్ వెళ్లొచ్చాం. వచ్చినప్పటి నుంచి ఇదే మనసులో మెదులుతోంది, అందుకే ఈ ఉత్తరం.

నేను కరెంటు డిపార్ట్‌మెంట్‌లో లైన్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైర్ అయ్యా. మే నెలలో మిట్టమధ్యాహ్నం లైన్ మీద పని అంటే ఏంటో తెలిసినవాణ్ణి. మాది జగిత్యాల జిల్లా, పక్కన రామగుండంలో 45, 46 డిగ్రీలు మాకేం కొత్త కాదు. ఫోన్‌లో చూస్తే దుబాయ్‌లో 41, 42 ఉంటుంది, అంకె ప్రకారం మన కంటే తక్కువే. కానీ మనది పొడి ఎండ, చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది, ఒళ్లు కాస్త చల్లబడుతుంది, నీడకి పోతే ప్రాణం లేచొస్తుంది. అక్కడ పక్కనే సముద్రం, ఎండాకాలంలో ఆ సముద్రం నీళ్లే ముప్పై డిగ్రీలు దాటి వేడెక్కి ఉంటాయి, గాలినిండా ఆ తడే, చెమట కారుతుందే తప్ప ఆరదు, ఆరకపోతే ఒంట్లో వేడి బయటికి పోయే దారి లేదు. ఎయిర్‌పోర్ట్ తలుపు దాటి బయట అడుగు పెట్టగానే కళ్లజోడు మొత్తం ఆవిరి పట్టేసింది, తుడుచుకుంటే మళ్లీ పట్టింది. అప్పుడు టైం రాత్రి పది. రాత్రి పదింటికి కూడా 35 డిగ్రీలు, చెట్టు ఆకు కదలట్లేదు. మన దగ్గర ఎంత ఎండ కాసినా పొద్దుగూకితే డాబా మీద నీళ్లు చల్లుకుని పడుకుంటాం, అక్కడ రాత్రి కూడా ఒంటికి ఊపిరి తిరగదు.

మా బిడ్డ వాళ్ల ఫ్లాట్ అల్ ఖుసైస్‌లో. మర్నాడు పొద్దున స్నానానికి పోయి చల్లనీళ్ల కుళాయి తిప్పితే చెయ్యి పెట్టలేకపోయా, పైన ట్యాంకులో నీళ్లు అంతలా కాగి ఉన్నాయి. నాన్నా అది కాదు, వేడినీళ్ల కుళాయి తిప్పు అంది మా బిడ్డ. అక్కడ ఎండాకాలం మొదలవగానే గీజర్ స్విచ్ ఆపేస్తారట, గీజర్ ఇంట్లో ఏసీ చల్లదనంలో ఉంటుంది కాబట్టి అందులో నిలవున్న నీళ్లే చల్లనీళ్లు, ఆ కాసిని నీళ్లు అయిపోయేలోపు స్నానం ముగించుకోవాలి. ముందు రాత్రే బకెట్లు నింపి పెట్టుకునే వాళ్లు కూడా ఉన్నారు. ఆ నీళ్లు కూడా సముద్రం నీళ్లని ఉప్పు తీసి పంపించినవే, జెబెల్ అలీ దగ్గర పెద్ద ప్లాంట్లు ఉన్నాయి, కరెంటు తయారీ కూడా అక్కడే.

నా ఉద్యోగం అలాంటిది కాబట్టి నా కళ్లు వైర్ల కోసమే వెతికాయి, ఊళ్లో ఎక్కడా ఒక్క వైరు పైన కనపడదు, అంతా భూమిలోనే. ఇంకో కొత్త సంగతి ఏంటంటే చాలాచోట్ల ఏసీ ఏ బిల్డింగ్‌కి ఆ బిల్డింగ్‌లో తయారవ్వదు, ఒకచోట పెద్ద ప్లాంట్‌లో నీళ్లని బాగా చల్లబరిచి పైపుల్లో ఏరియా మొత్తానికి పంపిస్తారు, మనకి మంచినీళ్ల లైన్ ఉన్నట్టు వాళ్లకి చల్లదనం లైన్. దానికి వేరే బిల్లు. ఇల్లు అద్దెకిచ్చే ప్రకటనల్లో చిల్లర్ ఫ్రీ అని రాస్తారు, అంటే చల్లదనం బిల్లు ఓనరే కట్టుకుంటాడని. ఆ పని చేసిన ఇంజనీర్లకి నేను మనస్ఫూర్తిగా దండం పెడతా. మెట్రో 2009లో మొదలైంది, డ్రైవర్ లేకుండా నడుస్తుంది, స్టేషన్లు ఏసీ, బస్‌స్టాపులు కూడా చాలావరకు అద్దాల గదుల్లా కట్టి ఏసీ పెట్టారు, మెట్రో దిగి దుబాయ్ మాల్‌కి పోయే పొడుగాటి వంతెన కూడా ఏసీయే. ఇంకో మాల్‌లో అయితే 2005 నుంచి లోపల మంచు కొండే ఉంది, బయట 42 డిగ్రీలున్న రోజు లోపల పిల్లలు స్వెట్టర్లు వేసుకుని మంచులో జారుతున్నారు. చేతిలో డబ్బున్నవాడికి దుబాయ్‌లో ఎండ అంటే ఇంటి తలుపు నుంచి కారు తలుపు దాకా ఉండే పది అడుగులే.

టూరిస్టులు ఎక్కువమంది నవంబర్ నుంచి మార్చి మధ్యలో పోతారు, అప్పుడు చక్కగా చలి గాలి వీస్తుంటుంది. ఎండాకాలం పోయినవాళ్లు కూడా మాల్‌లో దిగి మాల్‌లోనే ఎక్కుతారు. వాళ్లని తప్పు పట్టట్లేదు, మేమూ మొదట్లో అట్లాగే తిరిగాం, మనవరాలితో కలిసి అక్వేరియం చూశాం, రాత్రి కింద నిలబడి బుర్జ్ ఖలీఫా చూశాం, 828 మీటర్ల ఎత్తు, 2010 జనవరిలో ఓపెన్ చేశారు, తల ఎంత ఎత్తినా చివర కనపడలేదు, అద్భుతంగా ఉంది, ఆ మాట చెప్పకపోతే అన్యాయం. ఆ టవర్ కట్టిన చేతుల్లో మన జిల్లాల చేతులు చాలా ఉన్నాయి, అది తలుచుకుంటే గర్వంగానూ ఉంది, గుండె బరువుగానూ ఉంది.

నాకు బాగా నచ్చింది మాత్రం పాత ఊరు, అల్ ఫహీదీ అంటారు. ఒక్క దిర్హం ఇస్తే అబ్రా అనే చెక్క పడవలో క్రీక్ దాటిస్తారు, క్రీక్ అంటే ఊరి మధ్యలోకి వచ్చిన సముద్రపు పాయ. ఆ పాత ఇళ్లని సముద్రంలోంచి తీసిన పగడపు రాయితో కట్టారు, గోడలు లావుగా ఉంటాయి, ఇంటి పైన చదరంగా బురుజులాంటిది ఉంటుంది, నాలుగు వైపులా తెరిచి, ఏ వైపు గాలి వీచినా పట్టుకుని కింద గదిలోకి దించుతుంది. కరెంటు లేని రోజుల్లో వాళ్ల కూలర్ అది. కింద నిలబడి చూశా, నిజంగానే మెడ మీద గాలి తగిలింది. అయితే అదీ అందరికీ లేదు, బాగా ఉన్న వర్తకుల ఇళ్లకే ఉండేదట, మిగతావాళ్లవి తాటాకు పాకల్లాంటి ఖర్జూరపు మట్టల గుడిసెలు.

ఆయిల్ రాకముందు ఆ ఊరు ముత్యాల మీద బతికింది. మన చార్మినార్ దగ్గర బస్రా ముత్యాలని పేరుపడ్డవి ఒకప్పుడు ఈ సముద్రంలోంచి వచ్చినవే. ముత్యాల వేట సీజన్ జూన్ నుంచి సెప్టెంబర్ దాకా, అంటే సరిగ్గా ఈ ఉడుకు నెలల్లోనే. మునిగేవాళ్లు ముందే ఓడ యజమాని దగ్గర అప్పు తీసుకుని ఇంట్లో ఇచ్చి పోయేవాళ్లు, సీజన్ అయ్యాక దొరికిన ముత్యాల్లోంచి అప్పు తీర్చాలి, తీరకపోతే మళ్లీ ఏడాది అదే ఓడ. 1930ల్లో జపాన్ వాళ్లు పెంచిన ముత్యాలు మార్కెట్‌లోకి వచ్చాక ఆ వ్యాపారం పడిపోయింది. అదంతా అక్కడ చదువుతుంటే నాకు మా ఊరి పిల్లలే గుర్తొచ్చారు, అప్పు చేసి పోవడం, ఎండలో పని, అప్పు తీరేదాకా తిరిగి రాలేకపోవడం.

ఇక అసలు విషయానికొస్తా.

మా తోడల్లుడి కొడుకు అక్కడే సోనాపూర్ అనే కార్మికుల క్యాంప్‌లో ఉంటాడు, స్టీల్ ఫిక్సర్ పని, అంటే కాంక్రీట్‌కి ఇనుప రాడ్లు కట్టడం. మా బిడ్డ ఫ్లాట్‌కి ఎంతో దూరం లేదు. క్యాంప్ లోపలికి బయటివాళ్లని రానివ్వరు, సెలవు రోజు సాయంత్రం గేటు బయట మలయాళీ కెఫెటేరియాలో కూర్చుని కడక్ చాయ్ తాగుతూ మాట్లాడుకున్నాం. పిల్లాడు సగానికి సగం అయ్యాడు. మణికట్టు దగ్గర గీత గీసినట్టు కింద చెయ్యి ఒక రంగు, పైన ఇంకో రంగు, గ్లౌజులు వేసుకున్నంత మేర తెల్లగా, ఆ పైన కమిలిపోయి నల్లగా. పెదాలు పగిలి ఉన్నాయి. "చిన్నబాపూ, ఎండ గాదే, ఆ గాలిల తడే సంపుతది. పొద్దుగాల అయిదింటికే సైట్ల ఉంటం. తొమ్మిదయితే గ్లౌజు లేకుంట రాడ్ పట్టలేం. సేఫ్టీ షూ ఇప్పి బోర్లిస్తే చెమట గిట్ల కారుతది" అని చేత్తో చూపించాడు. డ్యూటీ డ్రెస్ ఆరేసినప్పుడు వీపు మీద తెల్లగా ఉప్పు చారలు కడతాయట, దులిపితే రాలుతుందట. కంపెనీ నీళ్ల క్యాన్లు పెడుతుంది, ఓఆర్ఎస్ ప్యాకెట్లు కూడా ఇస్తారు, అది కూడా చెప్పాడు, అబద్ధం చెప్పే పిల్లాడు కాదు. మధ్యాహ్నం కుబ్బూస్ అనే రొట్టె, లబన్ అనే మజ్జిగ, అదే తిండి, అన్నం తింటే పైకి తన్నుకొస్తుందట ఆ ఉడుక్కి.

యూఏఈలో ఒక మంచి రూల్ ఉంది, దాని గురించి మన దగ్గర చాలామందికి తెలియదు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఆరుబయట ఎండలో పని చేయించకూడదు, చేయిస్తే ఒక్కో కార్మికుడికి 5,000 దిర్హంలు ఫైన్, ఎక్కువమంది ఉంటే 50,000 దాకా. ఇరవై ఏళ్లుగా నడుస్తోంది. అమలు కూడా నా కళ్లతో చూశా, మధ్యాహ్నం సైట్లన్నీ ఆగిపోయి ఉన్నాయి, ఫ్లైఓవర్ నీడలో అట్టముక్కలు పరుచుకుని మొహం మీద తువ్వాలు కప్పుకుని వరసగా పడుకుని ఉన్నారు కార్మికులు. 2024 ఎండాకాలంలో అయితే మసీదుల్లో శుక్రవారం ప్రసంగాన్ని కూడా పది నిమిషాల్లో ముగించమన్నారు, బయట నిలబడ్డవాళ్లకి ఎండ తగలకూడదని. ఎండ ప్రాణాలు తీస్తుందని ఆ దేశానికి బాగా తెలుసు. మన దగ్గర బిల్డింగ్ పనుల కూలీలకి మధ్యాహ్నం బయటికి రావద్దని సలహాలు చెప్పడం తప్ప, పని చేయిస్తే ఫైన్ వేసింది నేనైతే చూడలేదు.

అయితే రెండున్నర గంటలు సరిపోతాయా అని అడగాలి. ఖతార్‌లో 2021 నుంచి పొద్దున 10 నుంచి మధ్యాహ్నం 3:30 దాకా ఆపుతున్నారు, జూన్ 1 నుంచే, అంతేకాదు ఎండ, తడి, గాలి అన్నీ కలిపి కొలిచే లెక్క 32.1 డిగ్రీలు దాటితే ఏ టైం అయినా పని ఆపాలి. కువైట్‌లో 11 నుంచి 4 దాకా. దుబాయ్‌లో తొమ్మిదింటికే రాడ్ పట్టలేకపోతే 12:30 దాకా ఆ మూడున్నర గంటలు ఏం కావాలి? కాంక్రీట్ పోయడం, తారు వేయడం లాంటి మధ్యలో ఆపలేని పనులకి ఆ రూల్ నుంచి మినహాయింపు కూడా ఉంది. ఇక డెలివరీ బైకుల పిల్లలు, వాళ్లకి మధ్యాహ్నమే గిరాకీ, మనం ఏసీలో కూర్చుని బిర్యానీ ఆర్డర్ పెట్టేది అప్పుడే కదా. వాళ్ల కోసం ఈమధ్య అక్కడక్కడా చిన్న ఏసీ గదులు కట్టారు, మంచి పని, ఇంకా చాలా కావాలి.

తల తిరుగుతుందని కూర్చుంటే ఫోర్‌మన్ ఏమైనా అంటాడా అని అడిగా. "ఏమనడు. గాని సిక్ రాసుకుంటే ఓవర్‌టైం పోతది చిన్నబాపూ" అన్నాడు. నెలకి వెయ్యి దిర్హంల చిల్లర, మన డబ్బుల్లో పాతిక వేల దగ్గర. ఏజెంట్‌కి లక్షా ఇరవై వేలు కట్టి వెళ్లాడు, నూటికి రెండు రూపాయల మిత్తి. చట్టం ప్రకారం రిక్రూటింగ్ ఏజెంట్ 30,000, ఆపైన జీఎస్టీ, అంతకుమించి తీసుకోకూడదు, ఈ సంగతి వాడికి అక్కడికి పోయిన ఏడాదికి తెలిసింది. ఆ మిత్తి కోసమే తల తిరిగినా కూర్చోడు. లేచేటప్పుడు ఇంట్లో చెప్పకు అని రెండుసార్లు అన్నాడు.

ఎడిటర్ గారూ, ఇప్పుడు ఆ రెండు లైన్ల వార్త సంగతి. పాతికేళ్ల వాడు, ముప్పై ఏళ్ల వాడు, పోయేముందు మెడికల్‌లో ఫిట్ అని తేలి పోయినవాడు, జూలైలోనో ఆగస్టులోనో డ్యూటీ నుంచి వచ్చి పడుకుని లేవడు. కాగితంలో గుండె ఆగిపోయింది, సహజ మరణం అని రాస్తారు, చాలా కేసుల్లో పోస్ట్‌మార్టం ఉండదు. మనం కూడా గుండెపోటు అనే వేస్తాం. ఖతార్‌లో నేపాల్ కార్మికుల చావుల మీద 2019లో ఒక పరిశోధన వచ్చింది, 2009 నుంచి 2017 దాకా గుండె జబ్బుతో పోయారని రాసిన 571 మంది లెక్కల్ని ఆయా నెలల వేడితో పోల్చి చూశారు, ఉడుకు నెలల్లోనే చావులు పెరిగాయి, వేడి నుంచి సరిగ్గా కాపాడి ఉంటే వాళ్లలో 200 మంది దాకా బతికి ఉండేవాళ్లని తేల్చారు. మన తెలుగు పిల్లల గురించి ఇలాంటి లెక్క ఎవరు తీశారు?

ఇది పేరు మార్చి రాయడంతో పోయే విషయం కాదు, డబ్బుతో ముడిపడి ఉంది. ఈసీఆర్ పాస్‌పోర్ట్, అంటే పనికి పోయేముందు ప్రభుత్వం అనుమతి తీసుకోవాల్సిన పాస్‌పోర్ట్, దాని మీద గల్ఫ్ లాంటి చోట్లకి పోయేవాళ్లందరికీ ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి, రెండేళ్లకి 275 రూపాయలు, మూడేళ్లకి 375, కవర్ 10 లక్షలు. కానీ ఆ 10 లక్షలు యాక్సిడెంట్‌లో చనిపోతేనో, శాశ్వతంగా అవిటివాడైతేనో మాత్రమే. పైనుంచి పడి పోతే వస్తాయి, అదే సైట్‌లో వారం రోజులు ఎండలో ఉడికి మంచం మీద పోతే రావు, ఎందుకంటే అది సహజ మరణం. ఏం సహజం అందులో? మన తెలంగాణలో 2025 ఏప్రిల్‌లో వడదెబ్బని విపత్తుల జాబితాలో పెట్టి చనిపోయినవాళ్ల కుటుంబానికి 4 లక్షలు ఇవ్వాలని నిర్ణయించారు. జగిత్యాలలో పొలంలో పడిపోతే వడదెబ్బ, అదే మనిషి దుబాయ్‌లో పడిపోతే గుండెపోటు. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకి 5 లక్షలు ఇస్తామని 2024లో రాష్ట్ర ప్రభుత్వం జీవో ఇచ్చింది, అందుకు కృతజ్ఞతలు, ఎన్నో ఏళ్లు కొట్లాడితే వచ్చింది అది. కానీ కేంద్రం బీమాలో ఈ లోటు అలాగే ఉంది. విజిట్ వీసా మీద పోయి అక్కడ పనిలో చేరినవాళ్లకైతే ఆ బీమా కూడా ఉండదు.

కాబట్టి మీ పేపర్‌ని నేను కోరేది ఇదీ. ఇకమీదట గల్ఫ్ మరణం వార్త వచ్చినప్పుడు మీ విలేకరి ఇంకో నాలుగు ముక్కలు అడిగి రాయాలి. ఏం పని చేసేవాడు, బయటా లోపలా. ఏ నెల, ఆ రోజు అక్కడ ఎంత వేడి ఉంది. పోస్ట్‌మార్టం జరిగిందా. బీమా ఉందా, ఏ వీసా. శవం వచ్చిన రోజు ఇంటివాళ్లని ఇవన్నీ అడగడం కష్టమే, తెలుసు, ఆ ఇంటి ముందు నేను కూడా నిలబడ్డవాణ్ణే. కానీ క్యాంప్‌లో పక్క బెడ్ మీద ఉన్నవాడికి ఒక్క ఫోన్ చేస్తే అన్నీ చెప్తాడు, వాళ్ల నంబర్లు ఊళ్లో అందరి దగ్గరా ఉంటాయి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, నిర్మల్ ఎడిషన్లలో ఒక్క ఎండాకాలం ఇట్లా రాస్తే చాలు, బీమా మార్చమని అడగడానికి ఎంపీల చేతిలో ఒక ఆధారం ఉంటుంది. కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్ పోయేవాళ్లు తక్కువేం కాదు, అక్కడి ఎడిషన్లు కూడా రాయాలి, కువైట్‌లో మిత్రిబా అనే చోట 2016 జూలైలో 53.9 డిగ్రీలు నమోదైంది, ప్రపంచ వాతావరణ సంస్థ ఒప్పుకున్న అంకె అది.

పోయేముందు పిల్లలకి ఇచ్చే శిక్షణలో కూడా ఎండ గురించి గట్టిగా చెప్పాలి. మూత్రం ముదురు పసుపురంగు తిరిగితే ఏంటి, చెమట ఆగిపోతే ఏంటి, మొదటి వారం పది రోజులు ఒళ్లు ఆ వేడికి అలవాటు పడేదాకా బరువు పని ఎందుకు చెయ్యకూడదు, తల తిరిగితే ఎవరికి చెప్పాలి. నేపాల్‌లో డాక్టర్లు గల్ఫ్ నుంచి వచ్చిన కుర్రాళ్లలో కిడ్నీలు పాడైన కేసులు చూస్తున్నామని ఎప్పటి నుంచో చెప్తున్నారు. మన కరీంనగర్, నిజామాబాద్ ఆస్పత్రుల్లో డయాలసిస్‌కి వచ్చేవాళ్లని ఎంత కాలం గల్ఫ్‌లో చేశారు అని అడిగి రాసుకుంటే ఎంత బాగుండు.

దుబాయ్‌లో బంధువుల దగ్గరికి పోయే మన తెలుగువాళ్లకి కూడా ఒక మాట. మీ ఊరి పిల్లాడు ఎవరో ఒకరు అక్కడ క్యాంప్‌లో ఉంటాడు. వాళ్ల అమ్మ ఇచ్చిన పచ్చడి సీసా తీసుకుపోండి, గేటు దగ్గర గంట కూర్చోండి, పని ఏ టైంకి మొదలవుతుంది, బీమా కాగితం ఫోన్‌లో ఉందా, ఇంటివాళ్లకి ఒక కాపీ పంపాడా అని అడగండి. మా వాడి ఇంట్లో ఎవరికీ ఆ కాగితం గురించి తెలియదు, వచ్చాక నేనే వాట్సాప్‌లో తెప్పించి ప్రింట్ తీసి వాళ్ల నాన్నకి ఇచ్చా.

ఉత్తరం పెద్దదైంది, స్థలం చాలకపోతే టూర్ సంగతులు తీసెయ్యండి, బీమా ముక్క, వార్తలో అడగాల్సిన ప్రశ్నల ముక్క మాత్రం దయచేసి ఉంచండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ విద్యుత్ ఉద్యోగి,
జగిత్యాల జిల్లా